పురానాపూల్ మలుపులో నిలబడినవాడు

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు ఆండాలు ఆఫీసు మెట్ల మీద ఎవరో సైకిలు మోసుకొస్తున్న చప్పుడైంది. మెట్లు ఇరుకు, హ్యాండిలు గోడకు గీసుకుంటోంది. కింద గల్లీలో వదిలేయడానికి కూడా భయపడేవాడు ఎవడబ్బా అనుకుంటూ అసిస్టెంటు వైకుంఠం కుర్చీలోంచి లేచాడు.

వచ్చినవాడికి ఇరవయ్యారేళ్ళుంటాయి. కనుబొమ్మ మీద మూడు కుట్లు, చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. సైకిలును గుమ్మంలో గోడకు ఆనించి, తలుపు తనే మూసి, గడియ పెట్టుకోవచ్చా అని అడిగాడు. పెట్టుకోమంది ఆండాలు. పేరు జోయెల్ అన్నాడు. ఆ పేరు వినగానే వైకుంఠం మొహం మారిపోయింది, ఎందుకంటే రెండు రోజులుగా ఊరంతా ఆ పేరునే తిడుతోంది.

ఆండాలు గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ప్రభుత్వ బీమా సంస్థలో ఇరవయ్యెనిమిదేళ్ళు సర్వేయరుగా చేసింది. నుజ్జయిన బండ్లను చూసి ఎవరు నిజం చెబుతున్నారో, ఎవరు కట్టుకథలు చెబుతున్నారో తేల్చడం ఆమె పని. రాజీనామా చేశాక లాడ్‌బజార్ వెనక గల్లీలో, గాజులు చేసే కొట్టు పైన గది తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టింది. పగలంతా కింద లక్క కరిగే వాసన గదిలోకి వస్తూనే ఉంటుంది. ఒకప్పుడు కోర్టులో టైపిస్టయిన వైకుంఠానికి ఆమెంత తెలివైన మనిషి ఈ నగరంలో లేదని నమ్మకం. ఆ మాట రోజుకు రెండుసార్లన్నా అంటాడు, ఆమె రోజుకు రెండుసార్లు విసుక్కుంటుంది, అతను మానడు.

జోయెల్ చెప్పింది ఇదీ. అతను ఉప్పుగూడ స్టేషను దగ్గర కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు మోస్తాడు. సైకిలు రేసులంటే ప్రాణం. 'గల్లీ పెడల్' అని ఒక ఛానల్ పెట్టి, ఫోనుతో రేసులు తీస్తూ పాతబస్తీ తెలుగులో కామెంటరీ చెబుతాడు. నిన్నమొన్నటిదాకా నాలుగొందల మంది చూసేవాళ్ళు. ఆదివారం దక్కన్ క్లాసిక్ ఆడవాళ్ళ రేసు ఆఖరి రోజు. పదకొండు దేశాల టీములొచ్చాయి. పైన హెలికాప్టర్ కెమెరా తిరుగుతోంది, రోడ్డుకు రెండు పక్కలా గులాబీరంగు బారికేడ్లు, చార్మినార్ దగ్గర సినిమావాళ్ళకు వేసిన వేదిక. ఇంత వైభవం తన గల్లీకి నడిచొస్తుందని అతను కలలో కూడా అనుకోలేదట. అన్నిటికంటే ముఖ్యం, మూసీ రేసింగ్ టీములో వర్షిత ఉంది. ఉప్పుగూడ పిల్ల, అయిదేళ్ళు బెల్జియంలో రేసులాడి తిరిగొచ్చింది. ఆ రోజు గెలుపు ఆమెదే అని అందరూ అనుకున్నారు.

చివరి చుట్టులో, పురానాపూల్ దర్వాజా దాటగానే ఎడమకు తిరిగే మలుపులో ఆమె పడిపోయింది. తల గోడకు తగిలింది. ఇప్పుడు ఆసుపత్రి ఐసీయూలో స్పృహ లేకుండా ఉంది. ఆ మలుపులో బారికేడ్ పక్కన ఫోను పట్టుకుని నిలబడినవాడు జోయెల్. టీము కారు కెమెరా తీసిన ఆరు సెకన్ల ముక్క సాయంత్రానికల్లా అందరి ఫోన్లలోకీ చేరింది. అందులో అతని చెయ్యి రోడ్డు మీదికి చాచినట్టు, ఆమె దాన్ని తప్పించబోయి పడినట్టు కనిపిస్తుంది. ఆ రాత్రే ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. సోమవారం నలుగురు పట్టుకుని కొట్టారు. గురువారం సాయంత్రంలోగా లొంగిపోకపోతే అరెస్టు చేస్తామని పోలీసులు చెప్పారు. నాన్న ఆగయ్య పురానాపూల్ దగ్గర సైకిలు రిపేరు షాపు నడుపుతాడు. ఆయన ఆదివారం నుంచి షాపు తెరవలేదు, అన్నం ముట్టలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు.

"నీ చెయ్యి ఆమెకు తగిలిందా?" ఆండాలు సూటిగా అడిగింది.

"తగల్లేదనే అనుకున్న అమ్మా. బారికేడ్ ఇవతలనే ఉన్న. కానీ అందరు గట్లనే అంటుంటే, ఇప్పుడు నాకే డౌట్ వస్తున్నది. నిజంగ నేనే చేసిన్నేమో. ఆ పిల్ల సచ్చిపోతే నేనెట్ల బతకాలె?"

అతనికి పోలీసుల భయం ఉంది, జనం భయం ఉంది. కానీ వాటికన్నా పెద్ద భయం ఇదేనని ఆండాలుకు అర్థమైంది. ఇంకేమైనా ఉందా అని అడిగింది. రెండు సంగతులున్నాయన్నాడు. శనివారం వర్షిత అతని ఛానల్‌కు ఇంటర్వ్యూ ఇచ్చి, కెమెరా ఆపాక, రేసయ్యాక ఒక ముఖ్యమైన మాట చెబుతాననీ, పెద్ద ఛానళ్ళు వేయవు గనుక నీకే చెబుతాననీ అందట. రెండోది, సోమవారం టీము మేనేజరు వేణుగోపాల్ స్వయంగా వచ్చి, ఇంటి గుమ్మంలోనే నిలబడి, ఎంతో మర్యాదగా, జోయెల్ ఫోను కావాలన్నాడు. ఇవ్వకపోతే నీకే మంచిది కాదని వెళ్ళేటప్పుడు ఇంకా మర్యాదగా చెప్పాడు.

"ఫోను ఇచ్చావా?"

"ఇయ్యలే. సైకిల్ సీటు కింద టేపేసి పెట్టిన. అందుకే దీన్ని మోసుకొచ్చిన."

ఫోను తియ్యడానికి జోయెల్ సైకిలును వంచినప్పుడు ఆండాలు కళ్ళు బ్రేకు తీగల కొసల మీద ఒక క్షణం ఆగాయి. ఒక్కో కొసకు మినపగింజంత ఎర్రని చుక్క. ఇదేమిటని అడిగితే లక్క అన్నాడు. తీగ కొస విడిపోకుండా అందరూ రేకు తొడుగు నొక్కుతారు, వాళ్ళ నాన్న మాత్రం గాజులవాళ్ళ దగ్గర లక్క ముక్కలు తెచ్చి కొవ్వొత్తి మీద కరిగించి అద్దుతాడు. ఆ పనితనం మరెవరికీ లేదని చెబుతున్నప్పుడు, అంత దుఃఖంలోనూ అతని గొంతులో కొంచెం గర్వం పలికింది.

అతని వీడియోను ఆండాలు పదిహేనుసార్లు చూసింది. వర్షిత ఎదురుగా వస్తోంది. మలుపులో నేల తడి. అక్కడి పాల డెయిరీలవాళ్ళు రోజూ పశువుల కొట్టాలు కడిగిన నీళ్ళు అటే పారతాయి. సైకిలు వంగింది. ముందు చక్రం తిరగడం ఆగిపోయి పక్కకు జారింది. ఆ క్షణంలో వర్షిత జోయెల్ వైపు చూడటం లేదు. తన ముందు చక్రం వైపే చూస్తోంది, ఆ చూపులో భయం కంటే ఆశ్చర్యం ఎక్కువ.

"మనకు ఎడమ పక్కన కనిపించేది ఆమె కుడి చెయ్యి," అంది ఆండాలు. "అది బ్రేకు పట్టింది. ఎడమ చేతి వేళ్ళు తెరిచే ఉన్నాయి. అంటే కుడి బ్రేకు ఒక్కటే పట్టింది."

వైకుంఠం చిన్నప్పటినుంచీ సైకిలు తొక్కినవాడే. "కుడిది ముందు బ్రేకు కదా మేడం. తడిలో ముందు బ్రేకు పడితే జారక ఏమవుతుంది? పాపం, ఆ పిల్ల తప్పే అయి ఉంటుంది."

"కొత్తగా సైకిలు నేర్చుకునేవాళ్ళు కూడా చెయ్యని తప్పు, అయిదేళ్ళు వానదేశంలో రేసులాడిన పిల్ల చేసిందంటావా?" అని మాత్రం అని, ఆండాలు ఛానల్‌లోని పాత వీడియోలు మొదలుపెట్టింది. శనివారం ఇంటర్వ్యూలో జోయెల్, నీ సైకిలు ఒకసారి తొక్కనిస్తావా అక్కా అని వేళాకోళం చేస్తే వర్షిత నవ్వింది. "వద్దురా. నాది ఇక్కడోళ్ళందరికి ఉల్టా ఉంటది. ఎక్కినవంటే పడ్తవ్." ఆండాలు ఆ ముక్కను మళ్ళీ ఒకసారి వేయించుకుని, లేచి చెప్పులు వేసుకుంది.

స్టేషన్లో ఎస్సై ఆమెకు బీమా రోజుల నుంచి పరిచయం. సీజు చేసిన సైకిలు చూపించడానికి అభ్యంతరం చెప్పలేదు. పోలీసు మెకానిక్కు రాసిన రిపోర్టు పైనే ఉంది. 'రెండు బ్రేకులూ బాగా పనిచేస్తున్నవి. కుడిది ముందు చక్రానికి, ఎడమది వెనక చక్రానికి, ఉండవలసిన విధంగానే ఉన్నవి. సైకిలులో ఎట్టి లోపమూ లేదు.' ఆండాలు రిపోర్టు రెండుసార్లు చదివింది. తర్వాత వంగి తీగల కొసలు చూసింది. రెండు కొసలకూ ఎర్రని చుక్కలున్నాయి. ఆగయ్య పేరు వైకుంఠం నోటిదాకా వచ్చింది. ఆమె మాత్రం ఫొటో తియ్యమని చెప్పి, ఎస్సైని ఒకే ప్రశ్న అడిగింది, రేసు మొదలైనప్పుడు వర్షిత ఎక్కింది ఇదే సైకిలా అని. ఎస్సైకి తెలియదు.

టీము సైకిళ్ళను పురానాపూల్‌లో ఒక స్కూలు హాల్లో ఉంచారు. మెకానిక్కు పింటూ నల్లగా, బక్కగా, నిద్రలేని కళ్ళతో ఉన్నాడు. వర్షిత ఆదివారం మొదట తొక్కింది వేరే సైకిలు అన్నాడు. ఆఖరి చుట్టులో, పురానాపూల్‌కు ఇంకా అరకిలోమీటరుండగా వేణుగోపాల్ సార్ కారులోంచి వైర్‌లెస్‌లో, వెనక టైరు దిగిపోతున్నది, స్పేర్ తీసుకో అని వర్షితకు చెప్పాడు. పింటూ దిగి కారు మీది స్పేర్ సైకిలు అందించాడు. పది సెకన్ల పని. ఆ తర్వాత మొదటి మలుపులోనే ఆమె పడింది.

"స్పేర్ సైకిలు బ్రేకులు నువ్వే కట్టావా?"

"శనివారం నేనే చూసిన మేడం. అన్నీ బరాబర్ ఉండె. రేసు సైకిళ్ళకు నూనె బ్రేకులుంటయ్, స్పేర్లకు మాత్రం తీగలే. ఆదివారం పొద్దుగాల సార్ నన్ను అయిదింటికి ఐస్ తెమ్మని పంపిండు. వచ్చేసరికి టైం లేదు. రెండు బ్రేకులు ఒక్కసారే ఒత్తి చూసిన, పట్టినయ్, కారెక్కించిన."

మొదటి సైకిలును అప్పటినుంచీ ఎవరూ ముట్టలేదన్నాడు. ఆండాలు దాని వెనక టైరును బొటనవేలితో నొక్కింది. రాయిలా ఉంది. పింటూ కూడా నొక్కి చూసి, నమ్మలేక రెండోసారి నొక్కాడు. టీములో వర్షితకు శత్రువులెవరని ఆండాలు అడిగింది. స్రవంతికి ఆమెంటే పడదన్నాడు, వర్షిత రాకముందు టీములో మొదటి రైడరు ఆమే, ఆదివారం గెలిచింది కూడా ఆమే. ఇంకొకటి గుర్తొచ్చింది. జూనియర్ క్యాంపులో స్రవ్య అని పదహారేళ్ళ పిల్ల ప్రాక్టీసు మధ్యలో గుండె పట్టుకుని కూలిపోయింది. ఇప్పటికీ మంచం మీదే ఉంది. పోయిన వారం వర్షిత ఆ పిల్ల ఇంటికి వెళ్ళొచ్చినప్పటినుంచీ మేనేజరుతో మాట్లాడటం మానేసింది.

వైకుంఠాన్ని ఆసుపత్రికి పంపి, ఆండాలు ఒక్కతే ఆగయ్య ఇంటికి వెళ్ళింది. వైకుంఠం గంటలో ఫోను చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. మేనేజరు వేణుగోపాల్ మూడు రోజులుగా ఐసీయూ గుమ్మం ముందు బెంచీ మీదే ఉన్నాడు. సోమవారం ఒక గంట తప్ప అక్కడినుంచి కదల్లేదు. వర్షిత తల్లి శారదమ్మకు టీ తెచ్చిస్తాడు, ఓదారుస్తాడు, లోపలినుంచి నర్సు వచ్చినప్పుడల్లా లేచి, ఆమెకు మెలకువ వచ్చిందా, ఏమైనా మాట్లాడిందా అని అడుగుతాడు. కుడిచేతి బొటనవేలికి ప్లాస్టరుంది. టీ కాస్తుంటే కాలిందన్నాడట. ఇంత ప్రేమగల మనిషిని చూడలేదని శారదమ్మ కళ్ళు తుడుచుకుంది.

"అక్కడినుంచి కదలకు," అంది ఆండాలు. "ఆ గది లోపలికి అతన్ని ఒంటరిగా పోనివ్వకు. అవసరమైతే గుమ్మానికి అడ్డం పడుకో."

వైకుంఠం వెళ్ళి బెంచీ మీద వేణుగోపాల్ పక్కనే కూర్చున్నాడు. అతను నవ్వి, మీ వాళ్ళెవరైనా లోపల ఉన్నారా అని పలకరించాడు. చెల్లెలు ఉందని వైకుంఠం అబద్ధమాడాడు. రెండు రోజులు ఆ మనిషి పక్కన కూర్చుని బిస్కెట్లు పంచుకోవడం తన జీవితంలో చేసిన అన్నిటికన్నా కష్టమైన పని అని తర్వాత చెప్పాడు.

ఆగయ్య చీకటి గదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆండాలు ఎర్రచుక్కల ఫొటో చూపించింది. ముసలాయన లేచి కూర్చుని దాన్ని చూసి, రెండు చేతులూ దుప్పటి కింద దాచుకున్నాడు. ఆదివారం తెల్లవారుతుండగా ఒకాయన టోపీ పెట్టుకుని, మాస్కు కట్టుకుని షాపుకొచ్చాడు. రెండు బ్రేకుల తీగలూ ఊడిన సైకిలు తెచ్చాడు. బయటివాళ్ళ చెయ్యి పడిందని తెలిస్తే రేసులోంచి తీసేస్తారు, ఎవరితో అనకు తాతా అన్నాడు. ఆగయ్య కట్టి ఇచ్చాడు.

"ఎట్ల కట్టమన్నాడు?"

"ఏం చెప్పలే అమ్మా. మంచిగ కట్టు అన్నడంతె. అయినంక ముందు చక్రం లేపి తిప్పి, కుడి బ్రేక్ ఒత్తిండు. ఆగింది. వెనకది చూడనే లేదు. లక్క ఇంక ఉడుకుడుకున్నది, వేలు పెట్టి చురుక్కుమని గుంజుకున్నడు." ఆయన దుప్పటి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "ఆ సైకిలే ఈ సైకిలని నాకేమెరుక, వేరేదై ఉంటదని మనసుకు చెప్పుకున్న. చెప్తే కొడుకుతోటి నన్ను గూడ లోపలేస్తరేమోనని భయపడ్డ. కానీ బ్రేకులు మంచిగనే కట్టిన అమ్మా. యాభై ఏండ్లల నా బ్రేక్ ఒక్కటి తప్పలే."

"తప్పలేదు పెద్దయ్యా," అంది ఆండాలు. ఇంకేమీ చెప్పలేదు. గురువారం పొద్దున స్కూలు హాలుకు రమ్మంది.

గురువారం పదింటికి అందరూ హాల్లో ఉన్నారు. సైకిలు తిరిగి ఇచ్చేస్తామని ఎస్సై కబురు పెట్టడంతో వేణుగోపాల్ ఆసుపత్రి నుంచి వచ్చాడు, అతని వెనకే వైకుంఠం వచ్చాడు. స్రవంతి చేతులు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. పింటూ గోడకు ఆనుకున్నాడు. జోయెల్ తండ్రి పక్కన కూర్చున్నాడు. వాళ్ళిద్దరినీ పక్కపక్కన చూసినప్పుడు వేణుగోపాల్ మొహంలో రక్తం తగ్గడం వైకుంఠం గమనించాడు. సోమవారం గుమ్మంలోంచే తిరిగిపోవడంతో, ఆ కుర్రవాడు ఈ ముసలివాడి కొడుకని అతనికి అప్పటిదాకా తెలియదు.

హాలు మధ్యలో వర్షిత మొదటి సైకిలు ఉంది. దాని బ్రేకులు నూనెవి కావడంతో, ఆండాలు పింటూ చేత స్రవంతి స్పేర్ సైకిలు కూడా తెప్పించి రెండు తీగలూ ఊడదీయించింది. ఆగయ్యను పిలిచి, కట్టమంది. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. ఆయన పానా అందుకుని కూర్చున్నాడు. అయిదు నిమిషాల్లో పని అయింది. ఆండాలు ముందు చక్రం లేపి తిప్పి కుడి బ్రేకు పట్టింది. చక్రం ఆగింది.

"కుడిది ముందుకు ఎందుకు కట్టావు పెద్దయ్యా?"

ఆగయ్య తెల్లబోయాడు. "కుడిది ముందుకే కదా అమ్మా. ఇంకెట్ల కడ్తరు?"

"మన దగ్గర ఇంకెట్లానూ కట్టరు," అంది ఆండాలు, అందరివైపు తిరిగి. రోడ్డుకు ఎడమ పక్కన పోతూ, మలుపుకు కుడి చెయ్యి చాచి సైగ చేసే దేశం మనది. అప్పుడు ఎడమ చేతిలో ఉండేది వెనక బ్రేకై ఉండాలి. అందుకే మన మెకానిక్కులందరూ అలా కడతారు, పోలీసు మెకానిక్కు కూడా అదే చూసి, ఉండవలసిన విధంగానే ఉంది అని రాశాడు. కానీ బెల్జియంలో ఎడమది ముందు, కుడిది వెనక. వర్షిత చేతులు అయిదేళ్ళుగా దానికే అలవాటుపడ్డాయి. ఆమె మొదటి సైకిలు అలాగే ఉందని చక్రం తిప్పి చూపించింది. స్పేరు కూడా శనివారం దాకా అలాగే ఉందని పింటూ తలూపాడు.

తడి మలుపులో ముందు బ్రేకు ముట్టకూడదు, వెనకది మాత్రమే పట్టాలి. వర్షిత సరిగ్గా అదే చేసింది, వెనకదని నమ్మి కుడిది పట్టింది. ముందు చక్రం బిగిసిపోయింది. జోయెల్ చెయ్యి బారికేడ్ ఇవతలే ఉంది, వెనకనుంచి తీసిన కారు కెమెరాలో మాత్రం రోడ్డు మీదికి వచ్చినట్టు కనిపించింది. ఆ సైకిలు పొద్దునే ఎక్కి ఉంటే మొదటి వీధిలోనే కనిపెట్టేది. కనుక ఆఖరి చుట్టులో, ఆ మలుపుకు ముందు, ఆమె బ్రేకు పట్టి చూసుకునే వ్యవధి లేకుండా ఎవరో దాన్ని ఎక్కించాలి.

"టైరు దిగిపోతోందని సైకిలు మార్పించింది ఎవరో ఇక్కడ అందరికీ తెలుసు. ఆ టైరు నాలుగు రోజులైనా దిగలేదు. నొక్కి చూడండి ఎస్సై గారూ. పింటూను తెల్లవారుజామున ఐస్‌కు పంపింది కూడా ఆయనే. కుడి బ్రేకు ఒక్కటే పట్టిన చెయ్యి ఈ అబ్బాయి ఫోనులో కనిపిస్తుందనే భయంతోనే దానికోసం ఇంటిదాకా వెళ్ళాడు."

స్రవంతి కిటికీ వదిలి రెండడుగులు ముందుకొచ్చి, వేణుగోపాల్ వైపు చూస్తూ, బలం కోసమని స్రవ్యకు ఇచ్చిన డోపింగ్ బిళ్ళల సంగతి వర్షితకు తెలిసిపోయింది కదా సార్ అంది. ఆ బిళ్ళలు తనకూ ఇచ్చాడనీ, భయపడి నోరు మూసుకున్నాననీ, రేసు తర్వాత అందరిముందూ చెప్పేస్తానని వర్షిత అతని మొహం మీదే అన్నప్పుడు తాను పక్క గదిలో ఉండి విన్నాననీ చెప్పింది.

వేణుగోపాల్ అప్పటికీ తొణకలేదు. "టైరు మెత్తగా కనిపించింది, పొరబడ్డాను. అది నేరమా? బ్రేకులు తిప్పి కట్టింది నేను కాదు, ఈ ముసలాయన. మీ అందరి కళ్ళముందే ఎలా కడతాడో చూపించాడు. కేసు పెడితే ఆయన మీద పెట్టండి. కొడుకు రోడ్డు మీద చెయ్యి చాచాడు, తండ్రి సైకిలు పాడుచేశాడు."

జోయెల్ ఒక్క ఉదుటున లేచాడు. వైకుంఠం అతని భుజం పట్టుకుని ఆపాడు. ఆగయ్య మాత్రం కదల్లేదు. పానా ఇంకా చేతిలోనే ఉంది. అప్పుడే ఆయనకు మొత్తం అర్థమైంది, ఆ అమ్మాయిని పడేసింది తన చేతిపనే అని.

ఆండాలుకు కోపం రావడం వైకుంఠం చూడటం అదే మొదటిసారి. ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు చేసింది అదేనయ్యా. నీకు పని రాదు, పింటూను అడిగితే దొరికిపోతావు. కనుక తీగలు ఊడబీకి, తప్పు చెయ్యడం చేతకాని మనిషి దగ్గరికి తీసుకుపోయావు. ఇలా కట్టు అని కూడా చెప్పలేదు. చెప్పక్కర్లేదని నీకు తెలుసు. యాభై ఏళ్ళ నిజాయితీని తీసుకుని ఒక ఆడపిల్లను చంపడానికి వాడుకున్నావు. కట్టిన తర్వాత ముందు చక్రం ఒక్కటే తిప్పి, కుడి బ్రేకు ఒక్కటే పట్టి చూసుకున్నావు. బాగుందో లేదో చూసేవాడు రెండూ చూస్తాడు." ఎస్సై వైపు తిరిగింది. "ఆయన బొటనవేలి ప్లాస్టరు తీయించండి. టీ కాలితే బొబ్బ వస్తుంది. ఉడుకు లక్క తగిలితే చర్మంలో ఎర్రగా అంటుకుపోతుంది, వారం దాకా పోదు. నా ఆఫీసు కింద రోజూ చూస్తుంటాను."

వేణుగోపాల్ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు దాన్ని ముందుకు లాగి ప్లాస్టరు ఊడదీశారు. కాలిన చర్మం మధ్యలో గాజురంగు ఎరుపు ఉంది. ఎస్సై దాన్ని చూసి, జోయెల్ పేరున్న కాగితం మడిచి ఫైల్లో అడుగున పెట్టాడు.

ఆ సాయంత్రం పోలీసులు ప్రకటన ఇచ్చారు. జోయెల్‌ను తిట్టినవాళ్ళే పొగడటం మొదలుపెట్టారు. అతను ఒక్కటి కూడా చదవలేదు. ఆగయ్య షాపు ముందు కూర్చునేవాడు గానీ, ఎవరైనా బ్రేకు బాగుచేయమని వస్తే వేరే షాపు చూపించేవాడు. నీ తప్పేం లేదు బాపూ అని కొడుకు ఎంత చెప్పినా, చెయ్యి నాదే గదరా అనేవాడు.

తరువాతి మంగళవారం వర్షితకు స్పృహ వచ్చింది. శుక్రవారానికి మాట్లాడగలిగింది. మెడ చుట్టూ పట్టీ, ఎడమ చెయ్యి కట్టులో. జరిగిందంతా ఆండాలే మెల్లగా చెప్పింది. వర్షిత కళ్ళు మూసుకుని విని, జోయెల్‌నూ వాళ్ళ నాన్ననూ చూడాలంది. జోయెల్ లోపలికొచ్చాడు. ఆగయ్య గుమ్మం దగ్గరే ఆగిపోయాడు, చేతులు వెనక కట్టుకుని, తల వంచుకుని.

"బాపూ, ఇట్ల రా," అంది వర్షిత. ఆయన రెండడుగులు వేశాడు. "చెయ్యి ఇయ్యి."

ఆయన ఇవ్వలేదు. ఆమే కుడి చెయ్యి చాపి, ఆయన మోచేయి పట్టుకుని, వెనక దాచిన చేతిని ముందుకు లాక్కుంది. నూనె నల్లదనం గోళ్ళలో ఇంకిపోయిన చెయ్యి అది.

"ఒక్క వేలుతోటి ఒత్తిన, చక్రం ఆడికాడికే ఆగింది. గంత మంచి బ్రేకు బెల్జియంల గూడ ఎవ్వరు కట్టలే నాకు. నేను మళ్ళ సైకిలెక్కిననాడు నువ్వే కట్టాలె. ఎడమది ముందుకు. చెప్తే కడ్తవుగా?"

ఆగయ్య ఏడ్చాడు. మగవాళ్ళు ఆసుపత్రుల్లో ఏడ్చినట్టు మొహం తిప్పుకుని కాదు, ఆమె చెయ్యి పట్టుకుని, పైకే ఏడ్చాడు. శారదమ్మ ఆయనకు కుర్చీ జరిపింది. వైకుంఠం కిటికీలోంచి బయటికి చూస్తూ ముక్కు తుడుచుకున్నాడు, ఆండాలు చూడనట్టు ఊరుకుంది.

కాసేపయ్యాక వర్షిత దిండు ఎత్తు చేయించుకుని, ఫోను తియ్యమని జోయెల్‌కు చెప్పింది. రేసయ్యాక చెబుతానన్న మాట ఇప్పుడు చెబుతానంది. జోయెల్ ఫోను పైకెత్తాడు. ఆమె కెమెరా వైపు తిన్నగా చూసింది.

"స్రవ్య అని ఒక పిల్ల ఉన్నది," అని మొదలుపెట్టింది. "దానికి పదహారేండ్లు."